నిశ్చలం గారి సద్గుణాలు

మా బావకి కోపం తగ్గిందన్న కబురు ముందుగా దర్జీ దుకాణంలో పుట్టింది.

బావ కటింగ్ మాస్టారు. ముప్పై రెండేళ్ళుగా ఒకే దుకాణంలో, ఒకే బల్ల దగ్గర నిలబడి ఊళ్ళో వాళ్ళ భుజాలూ నడుములూ కొలిచినవాడు. ఆయన నోటికి జడిసి జనం కొలతలివ్వడానికి పొట్ట లోపలికి పీల్చి నిలబడేవాళ్ళు. "వదలండి బాబూ, ఆ పొట్ట వదలండి. రేపు చొక్కా తొడుక్కుని వీధిలోకి వెళ్ళేది అదే" అనేవాడు. మిషన్ల మీద కుట్టేవాళ్ళనైతే చెప్పక్కర్లేదు. "ఇది చంకా, సంచీ మూతా?" అని చొక్కా విసిరితే నేరుగా వీధిలో పడేది.

అలాంటి మనిషి దగ్గరికి ఒకాయన ప్యాంటు పట్టుకొచ్చి, పొడుగు నాలుగు వేళ్ళు తగ్గిందని కేకలు వేశాడు. దుకాణం యజమాని తానుల వెనక్కి తప్పుకున్నాడు. బావ కత్తెర పక్కన పెట్టి ఆ మనిషి వంక రెప్ప వెయ్యకుండా చూశాడు. ముఖంలో ఒక్క గీత కదల్లేదు. "ఇటివ్వండి" అన్నాడు, పక్కవాడికి కూడా వినపడనంత మెల్లగా. వచ్చినాయన కంగారు పడి, "పర్లేదు మాస్టారూ, నేనే కాస్త పొడుగెదిగానేమో" అనేసి వెళ్ళిపోయాడు. ఆయన వయసు యాభై.

ఆ సంగతి నాకు ఆదివారం ధ్యాన మందిరంలో తెలిసింది. నేను ఆ మందిరానికి కార్యదర్శిని. పేరు పెద్దదే కానీ పని కుర్చీలు వెయ్యడం, నోటీసులు రాయడం. బావ ఎప్పుడూ వచ్చేవాడు కాదు. "కళ్ళు మూసుకు కూర్చోడానికి అంత దూరం దేనికిరా? అన్నం తింటే నాకు ఇక్కడే మూతపడతాయి" అనేవాడు. ఒకసారి మా అక్కకి మోకాలు పట్టేసి, తోడుగా వచ్చాడు. ముందు వరసలో ఖాళీ ఉంటే అక్కడ కూర్చోబెట్టాను.

నలభై అయిదు నిమిషాల ధ్యానం. పది నిమిషాలయ్యేసరికి మా అందరికీ ఎక్కడెక్కడో దురదలు మొదలవుతాయి, ఎవరి కుర్చీ వాళ్ళు కిర్రుమనిపిస్తారు. బావ ముక్కు మీద ఈగ వాలింది. ఆయన కదల్లేదు. ఈగ నుదుటి దాకా నడిచి, విసుగెత్తి తనే వెళ్ళిపోయింది. ఇదంతా మా అధ్యక్షులు గారు చూశారు. ధ్యానంలో కళ్ళు మూసుకోవాలన్నది ఆయన పెట్టిన నియమమే, అయినా చూశారు.

"ఎవరండీ వారు?"

"మా బావగారండీ. దర్జీ."

"ఆ కుడిచెయ్యి చూడండి."

చూశాను. ఒళ్ళో పెట్టుకున్న చెయ్యి. బొటనవేలు చూపుడువేలి మీద మెల్లగా దొర్లుతోంది, పూస తర్వాత పూస తిప్పుతున్నట్టు.

"మాల లేని జపం!" అన్నారు అధ్యక్షులు గారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. నిజం చెప్పాలంటే నాకూ చెమ్మగిల్లాయి. ఇరవై ఏళ్ళుగా మాల తిప్పుతున్నాను, పది పూసలు దాటకుండానే మనసు కూరగాయల దగ్గరికి వెళ్ళిపోతుంది. నోరు తెరిస్తే తిట్లే వచ్చే ఈ మనిషికి అంత భాగ్యం ఎలా పట్టిందా అనుకున్నాను. దేవుడి లెక్కలు మనకి తెలియవు కదా అని సరిపెట్టుకున్నాను.

ఆ తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. బావకి 'నిశ్చలం గారు' అని పేరు పెట్టారు. ముందు వరసలో చేతుల కుర్చీ వేశారు. ఆయన ఏం చేసినా దానికో అర్థం సిద్ధంగా ఉండేది. నడుము వంగిందా, వినయం. అడుగు చిన్నదయిందా, చీమకి కూడా కష్టం కలగనివ్వరు. మందిరం వెనక మురుగు తూము పగిలి వారం రోజులు అందరం ముక్కులు మూసుకుని ప్రార్థన చేస్తే, బావ ఒక్కడే హాయిగా కూర్చున్నాడు. సుగంధం, దుర్గంధం ఆయనకి ఒకటే అన్నారు. దానికి మా అక్క, "పోయిన నెల పాలు మాడి ఇల్లంతా పొగ నిండితే, ఆ పక్కనే కూర్చుని పేపరు చదివారు. ఇదేం యోగమో ఏమో గానీ నా గిన్నె పోయింది" అంది.

అక్క మరో ఫిర్యాదు కూడా చేసింది. నిద్రలో కాళ్ళు విసిరి తంతున్నాడనీ, ఒకరోజు ఎవరినో కొడుతున్నట్టు పిడికిలి బిగించి మంచం పక్క బల్లని గుద్దాడనీ. నేను ఆ మాట అధ్యక్షులు గారి చెవిన వేశాను. ఆయన "లోపలి శత్రువులండీ. మనం పగలు కూడా పోరాడం, ఆయన నిద్రలో కూడా వదలడం లేదు" అన్నారు.

"లోపలి శత్రువులు ఆరుగురేనట కదా, మరి ఆ తన్నులు నాకెందుకు తగులుతున్నాయో అడుగు" అంది అక్క.

అన్నిటికన్నా వింత గుమ్మం దగ్గర జరిగింది. మందిరం గుమ్మం ముందుకి రాగానే బావ ఠక్కున ఆగిపోయేవాడు. పాదాలు నేలకి అతుక్కున్నట్టు, అర నిమిషం, ఒక్కోసారి నిమిషం. తర్వాత ఒక కుదుపుతో లోపలికి వచ్చేవాడు. లోపలివాడి అనుమతి లేనిదే ఆయన అడుగు పెట్టరని అధ్యక్షులు గారు ప్రసంగంలో చెప్పారు. మరుసటి ఆదివారం నుంచి అందరూ గుమ్మం దగ్గర ఆగడం మొదలుపెట్టారు. అనుమతి త్వరగా వస్తే భక్తి తక్కువనుకుంటారేమోనని ఒకరిని మించి ఒకరు ఆగేవాళ్ళు. క్యూ వీధి మలుపు దాకా పోయింది. వాన వచ్చినరోజు ముగ్గురికి జలుబు చేసింది. బావలాగే నడుస్తూ కుడిచెయ్యి ఊపకుండా ఉండటం కూడా కొందరు సాధన చేశారు. కార్యదర్శిగా నేనూ చేశాను, అబద్ధం ఎందుకు.

ఇదంతా జరుగుతుంటే ఇంట్లో ఒక మనిషి మాత్రం బావ దగ్గరికి రావడం మానేసింది. ఆమె వయసు నాలుగేళ్ళు. బావ కూతురి కూతురు. తల్లి ఉద్యోగానికి పోతే పగలంతా అమ్మమ్మ దగ్గర, తాతయ్య దగ్గర పెరిగిన పిల్ల. దాన్ని బల్ల మీద కూర్చోబెట్టి టేపు మెడలో వేసి "మేడమ్ గారికి నడుం ఎంత? అబ్బో, పదిహేడు! లావెక్కారే!" అని ఆడించిన మనిషి ఆయన. ఇప్పుడు పిల్ల గుమ్మం దాకా వచ్చి, ఆయన ముఖం చూసి, అమ్మమ్మ చీర కుచ్చిళ్ళలో దూరుతోంది.

"తాతయ్యకి నా మీద కోపం" అంది.

"లేదే పిచ్చిదానా. ఏం చేశావని?" అంది అక్క.

"నాకు తెలీదు. అలాగే చూస్తున్నాడు."

బావ విన్నాడు. "రా బంగారం" అన్నాడు. ఆ మాట ఆయన పెదాలు దాటి వచ్చేసరికే సగం అరిగిపోయింది. ముఖం మాత్రం గోడలా ఉంది. పిల్ల ఏడుపు లంకించుకుంది.

ఆ సాయంత్రం అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఒరేయ్, ఒక సంగతి చెప్పు. మీ మందిరం వాళ్ళు ఆ ముఖంలో శాంతం ఉందంటున్నారు. పిల్ల కోపం ఉందంటోంది. రెండూ ఒకే ముఖం. ఎవరి మాట నిజం?"

నేను తొంగి బావ ముఖం మరోసారి చూశాను.

"నాకూ తెలీదు. పోయినవారం చొక్కా గుండీలు పెట్టుకోలేక పావుగంట అద్దం ముందు నిలబడ్డారు. వేలమందికి గుండీలు అమర్చిన చెయ్యిరా అది. కొలతల పుస్తకంలో అంకెలు చీమల బారులా సన్నబడిపోయాయని దుకాణంలో కూడా అంటున్నారు. రేపు పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. నీ అధ్యక్షుడు అడ్డం వస్తే ఆయన్ని కూడా చూపించు."

అధ్యక్షులు గారు అడ్డం వచ్చారు. "నిశ్చలం గారికి వైద్యమా? కొండకి కషాయం పోస్తారా?" అన్నారు. నేను మొదటిసారి ఆయన మాట కాదని బావని తీసుకెళ్ళాను. మందిరం వార్షికోత్సవానికి బావ గురించి అచ్చు వేయించాల్సిన కరపత్రం చిత్తుప్రతి నా జేబులోనే ఉంది.

నరాల డాక్టరమ్మ నడివయసు మనిషి. బయట నలభై మంది ఉన్నారు, తొందరలో ఉంది. "ఏమిటి ఇబ్బంది?" అని అడిగింది. బావ చెప్పింది ఆవిడకి వినపడలేదు. అక్క పాలగిన్నె దగ్గర మొదలుపెట్టింది. నేను కంగారులో, వివరంగా ఉంటుంది కదా అని జేబులో కాగితం తీసి ఇచ్చాను.

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని పైకే చదివింది. "ముఖమున కోపతాపముల నీడయైనను కానరాదు..." పెన్నుతో పక్కన ఒక టిక్కు పెట్టింది. "రెప్పవాల్చని చూపు..." టిక్కు. "చెవియొగ్గి వినవలసినంతటి మృదుభాషణ... చీమకును హాని చేయని చిన్న అడుగు... వినయముతో వంగిన మేను... నిరంతర జపమాచరించు వ్రేళ్ళు..." టిక్కు, టిక్కు, టిక్కు. దుర్గంధం దగ్గర రెండు టిక్కులు పెట్టింది. నిద్రలో పోరాటం దగ్గర తలెత్తి, "ఇది ఎన్నేళ్ళుగా?" అంది.

"ఏడేళ్ళయి ఉంటుందండీ" అంది అక్క. "మొదట్లో ఎప్పుడో ఒకసారి."

"వాసన?"

"అది కూడా అప్పటి నుంచే."

"మలబద్ధకం ఒక్కటి రాయలేదే?"

"ఉందండీ! దాన్ని ఉపవాస నిష్ఠ అనుకున్నాం."

డాక్టరమ్మ కాగితం బల్ల మీద పెట్టింది. "ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. రోగలక్షణాలు ఇంత క్రమంగా, ఇంత చక్కటి భాషలో రాసి తెచ్చినవాళ్ళు లేరు. ఎవరు రాశారు?"

నేను చెయ్యెత్తాను. ఎత్తకుండా ఉండాల్సింది.

తర్వాత ఆవిడ బావని పరీక్షించింది. బొటనవేలికి చూపుడువేలు టకటకా తగిలించమంటే, నాలుగుసార్లకే కదలిక చిన్నదైపోయింది. మోచెయ్యి వంచి చూస్తే పళ్ళచక్రం తిరిగినట్టు ఆగి ఆగి వచ్చింది. ఒళ్ళో పెట్టినప్పుడు వణికే చెయ్యి, కత్తెర పట్టుకోమని ఇస్తే ఆగిపోయింది. కళ్ళు పైకీ కిందికీ తిప్పించింది. పడుకోబెట్టి, నిలబెట్టి బీపీ చూసింది. వెనకనుంచి భుజాలు పట్టి లాగింది. ఏమేం మాత్రలు వాడుతున్నాడని రెండుసార్లు గుచ్చి గుచ్చి అడిగింది. తల తిరుగుడుకీ, వాంతులకీ, మనసు బాగోనప్పుడూ వాడే కొన్ని మందుల వల్ల కూడా అచ్చం ఇలాగే అవుతుందట, ఆ మందులు ఆపితే చాలామందికి తగ్గుతుందట. ఇలాగే కనపడే ఇంకొన్ని జబ్బులూ ఉన్నాయట. కొన్నిటిలో మొదటి ఏడాదే మాటిమాటికీ పడిపోతారు, కొన్నిటిలో చూపు కిందికి దిగదు, కొన్నిటిలో లేచి నిలబడితే బీపీ జారిపోతుంది. అవేవీ బావకి లేవు.

"పార్కిన్సన్స్" అంది చివరికి. "మాస్టారూ, మీ మిషన్‌కి మోటారు బాగానే ఉంది. బెల్టూ బాగానే ఉంది. నూనె తగ్గింది. మెదడులో ఒక మూల కొన్ని కణాలు డోపమిన్ అనే పదార్థం తయారుచేస్తాయి. కదలికలు సాఫీగా సాగడానికి అది కావాలి. ఆ కణాలు మెల్లమెల్లగా పోతున్నాయి. చెయ్యి వణకడానికి ఏళ్ళ ముందే ముక్కులో, పేగుల్లో, నిద్రలో మొదలవుతుంది."

"ఎందుకు పోతున్నాయి?" అని అడిగాడు బావ. ఆ ఒక్క మాటా ఆవిడకి వినపడింది.

"చాలామందిలో ఇదీ కారణమని చెప్పలేం. కొందరికి వంశంలో వస్తుంది. పురుగుమందుల్లో పనిచేసినవాళ్ళకి కాస్త ఎక్కువ. వయసు ఒకటి. మీరు చేసిన తప్పేం లేదు, ఒప్పూ లేదు."

ఆ చివరి మాట నాకే అన్నట్టనిపించింది. జబ్బుని పూర్తిగా పోగొట్టే మందు లేదనీ, తగ్గిన పదార్థాన్ని మాత్రతో ఇస్తే కదలిక చాలావరకు తిరిగి వస్తుందనీ, వేళకి వెయ్యాలనీ, చెప్పకుండా ఆపకూడదనీ, రోజూ నడవాలనీ చెప్పింది. గుమ్మం దగ్గర కాళ్ళు అతుక్కుంటే నేల మీద సుద్దగీత గీసి దాన్ని దాటమంది. వెళ్ళబోతుంటే, "ఆ కాగితం నకలు ఒకటి ఇస్తారా? మా విద్యార్థులకి పనికొస్తుంది" అంది.

మాత్రలు వేసుకున్న మూడో వారానికి బావ గుండీలు పెట్టుకున్నాడు. రెండో నెలకి అక్క వండిన పులుసులో ఉప్పు ఎక్కువైందని కనుబొమలు ముడిచాడు. అక్క చెయ్యి కడుక్కోకుండానే పరిగెత్తుకొచ్చి నన్ను పిలిచింది. "విసుక్కుంటున్నార్రా! రా, చూడు!" ఇద్దరం నిలబడి ఆ ముడి చూశాం. పిల్ల కూడా దూరం నుంచి చూసింది. దగ్గరికి మాత్రం ఇంకా రాలేదు.

మందిరంలో కలకలం పుట్టింది. మొన్నటి ధ్యానంలో నిశ్చలం గారు చెవి గోక్కున్నారని ఒకరు, ఆవలించారని ఒకరు. అధ్యక్షులు గారు ఇంటికొచ్చారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఆయన భార్య పోయిన ఏడాది ఆ మందిరం గోడలే ఆయన్ని నిలబెట్టాయి. అందుకే, అక్కడ ఒక్క నిజమైన శాంతమైనా ఉండాలని ఆయనకి అంత ఆశ.

"జబ్బయితే కావచ్చు. కానీ అందరికీ మేలు చేసింది కదా" అన్నారు. "వార్షికోత్సవం పొద్దున తొమ్మిదికి. ఆ ఒక్కరోజూ... మాత్ర కాస్త ఆలస్యంగా వేసుకుంటే..."

"ఆపకూడదని డాక్టరమ్మ చెప్పింది" అన్నాను.

"ఆపమనలేదండీ, వాయిదా అంటున్నాను."

బావ నా వంక చూడలేదు. "సరే" అన్నాడు.

ఆయన వెళ్ళాక అక్క విరుచుకుపడింది. బావ నెమ్మదిగా, "నీకేం తెలుసే" అన్నాడు. "ముప్పై రెండేళ్ళూ నేనే మోకాళ్ళ మీద కూర్చుని ఊరివాళ్ళ కాళ్ళు కొలిచాను. నా ముందు చేతులు కట్టుకుని నిలబడింది వీళ్ళే."

అక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ గౌరవం అబద్ధమని చెప్పడానికి నాకేం అర్హత ఉంది? రాసిందే నేను.

వార్షికోత్సవం పొద్దున ఎనిమిదికి మందిరం నుంచి ఇద్దరు వచ్చి, బావకి కొత్త తెల్లటి పొడుగు అంగీ తొడిగి, వాళ్ళే గుండీలు పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టారు. మాత్ర బల్ల మీద అలాగే ఉంది. ముఖం మళ్ళీ బిగుసుకుంది. వేళ్ళు పూసలు తిప్పుతున్నాయి. వచ్చినవాళ్ళు తృప్తిగా చూసి, బయట నిలబడ్డారు.

పిల్ల కొత్త గౌను వేసుకుని, చూపించుకుందామని పరిగెత్తుకొచ్చింది. గుమ్మంలో ఆయన ముఖం చూసింది. గౌను అంచు పట్టుకున్న చేతులు కిందికి దిగాయి. ఒక్కో అడుగు వెనక్కి వేసుకుంటూ వెళ్ళిపోయింది. ఏడవలేదు కూడా. అలవాటైపోయిందన్నమాట.

బావ చాలాసేపు ఖాళీ గుమ్మం వంకే చూశాడు.

"నీళ్ళు" అన్నాడు.

అక్క గ్లాసు తెచ్చిన వేగానికి సగం నీళ్ళు నా మీద పడ్డాయి. మిగిలిన సగంతో బావ మాత్ర మింగడం పిల్ల తలుపు చాటు నుంచి చూసింది.

మందిరం కిటకిటలాడుతోంది. బావని చేతుల కుర్చీలో కూర్చోబెట్టారు. అధ్యక్షులు గారు నా కరపత్రం చదవడం మొదలుపెట్టారు. నేను గడియారం చూస్తున్నాను. అక్క, పిల్ల మూడో వరసలో ఉన్నారు. 'ముఖమున కోపతాపముల నీడయైనను' దగ్గర బావ రెప్ప వేశాడు. 'వినయముతో వంగిన మేను' దగ్గర కాస్త నిటారుగా కూర్చున్నాడు. కుడిచెయ్యి ఒళ్ళోంచి లేచి మెడ దగ్గరికి వెళ్ళింది. రెండు వేళ్ళతో అంగీ కాలర్ తడిమింది. ఆగింది. మళ్ళీ తడిమింది. చంక కిందికి దిగి, కుట్టు వెంబడి నడిచింది.

నేను కుర్చీలోంచి సగం లేచాను.

"ఆపండి" అన్నాడు బావ. గోడలకి వినపడేలా. "ఈ కాలర్ ఎవడు కుట్టాడు?"

అధ్యక్షులు గారు కాగితం దించారు. "మా అల్లుడి దుకాణంలో..."

"లోపల కాన్వాసు ఏదండీ? తడిసిన చపాతీలా వేలాడుతోంది! ఈ భుజం చూడండి, అరంగుళం కిందికి దిగింది. నాకు జబ్బు అటువైపు కాదు, ఇటు! చంక కింద కుట్టు బస్సు రోడ్డులా వంకరలు. ముప్పై రెండేళ్ళు బల్ల దగ్గర నిలబడినవాడికి ఇది తొడిగి దండం పెడతారా? దీనికన్నా దిండు గలీబు తొడిగితే మర్యాదగా ఉండేది!"

కనుబొమలు, బుగ్గలు, పెదాలు, ముక్కుపుటాలు అన్నీ ఒకేసారి పనిలోకి దిగాయి. ఇన్నాళ్ళ బాకీ తీర్చుకుంటున్నట్టుంది ముఖం. హాలంతా నోళ్ళు తెరుచుకుని చూస్తోంది. ఆ నిశ్శబ్దంలో మూడో వరస నుంచి కిలకిలమని నవ్వు వినపడింది. పిల్ల కుర్చీ ఎక్కి నిలబడి చప్పట్లు కొడుతోంది. "అమ్మమ్మా, తాతయ్య వచ్చాడు!"

అంత కోపం చూసి అది నవ్వింది. అంత శాంతం చూసి ఏడ్చేది. నేను ప్రతిరోజూ దేవుడికి దణ్ణం పెడతాను, ఇక ముందూ పెడతాను. కానీ ఆయన ఫలానా మనిషి ముఖంలో కొలువున్నాడని కాగితం మీద రాసి అచ్చు వేయించే పని నాకు ఎవరు అప్పగించారో, ఆ క్షణంలో నాకు గుర్తురాలేదు.

సభ ముగిసిందనే అనుకున్నాం. అయితే వెనక వరస పెద్దమనిషి ఒకాయన లేచి, "ఇది పరీక్ష! మనల్ని పరీక్షిస్తున్నారు!" అన్నాడు. మరో అమ్మగారు ముందుకొచ్చి, "బాబూ, నా రవికె కూడా ఒకసారి చూసి తిట్టండి" అని చెయ్యి చాపింది. బావ చూశాడు. తిట్టాడు. ఆవిడ కళ్ళకద్దుకుంది. అధ్యక్షులు గారు మాత్రం కుర్చీలో కూలబడి, కరపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి, "మరి ఇప్పుడు నేను ఎవర్ని చూసి కూర్చోనండీ?" అని నన్నడిగారు. నిజంగానే అడిగారు. ఆయన పక్కన కూర్చున్నాను.

ఇంటికొచ్చేసరికి రెండు దాటింది. ఆ గొడవలో మధ్యాహ్నం మాత్ర వేళ తప్పింది. బావ అంగీని బల్ల మీద పరిచి కాలర్ కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. నాలుగు కుట్లు విప్పేసరికి చెయ్యి మొరాయించింది. ముఖం మళ్ళీ మెల్లగా గడ్డకట్టింది. సరిగ్గా అప్పుడే పిల్ల లోపలికి వచ్చింది. గుమ్మం దగ్గర ఆగింది.

అది దగ్గరికి వచ్చి, కుర్చీ ఎక్కి, ఆయన ముఖంలో ముఖం పెట్టి చూసింది. పెదవి చివర వేలితో నొక్కి చూసింది.

"కోపమా?"

"కాదు" అన్నాడు బావ. గొంతు సగమే వచ్చింది.

"మరి లోపలున్నావా?"

"ఆఁ. ఇక్కడే ఉన్నా."

పిల్ల బల్ల మీది మాత్రల అట్ట వంక చూసి, కుర్చీ దిగి, వంటింట్లోకి పరిగెత్తింది. తన గిన్నెలో నీళ్ళు పట్టుకుని, రెండు చేతులతో, దారంతా ఒలికించుకుంటూ వచ్చింది.

"గుడ్డ తడుపుతున్నావు, కోతీ" అన్నాడు బావ.

ముఖంలో ఏమీ కదల్లేదు. పిల్ల మాత్రం నవ్వుతూ గిన్నె ఆయన నోటికి అందించింది.